పేర్చి ఉన్న పొయ్యి

1947 మార్చి 11. మంగళవారం. ఉదయం 9.20.

రాగ్న్‌హిల్డ్ అవ్వ చీపురు చంకన పెట్టుకుని కొండమీది చెక్క ఇంటి తలుపు తోసింది. లోపల బల్ల మీద అస్లాక్ త్వెయిట్ కూర్చుని ఉన్నాడు. కోటు గుండీలన్నీ పెట్టుకునే ఉన్నాడు. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. కనుబొమల మీద మంచు పేరుకుంది.

"ఒరే అస్లాక్, పొద్దున్నే ఇక్కడేం చేస్తున్నావురా?" అని అడిగింది అవ్వ.

అడిగాక అర్థమైంది. చీపురు అక్కడే పడేసి, స్కీలు తగిలించుకుని, డెబ్బై ఏళ్ల వయసులో కొండ దిగింది.

ఆ లోయకు లెన్స్‌మన్ గున్లైక్ మూయెన్. పోలీసూ ఆయనే, పొలంగట్టు తగాదాలు తీర్చేదీ ఆయనే, శవం దొరికితే రిపోర్టు రాసేదీ ఆయనే. యాభై ఎనిమిదేళ్లు. పొట్టి మనిషి. మాట తక్కువ. కబురు 10.35కి అందింది. డాక్టర్ ఫిన్నెను వెంటబెట్టుకుని కొండెక్కేసరికి 11.50 అయింది.

ఇంటి లోపల చలి మైనస్ పద్దెనిమిది.

"దెబ్బలేమీ లేవు. గొంతు మీద గుర్తుల్లేవు," అన్నాడు డాక్టర్ శవం మీదికి వంగి. "సారా కంపు కొడుతోంది. తాగాడు, కూర్చున్నాడు, నిద్రపోయాడు. మిగతాది చలి చూసుకుంది."

"టైమ్?"

"నిన్న సాయంత్రం ఆరుకీ, రాత్రి పదకొండుకీ మధ్య."

గున్లైక్ నోట్‌బుక్ తీశాడు. బల్ల మీద సగం ఖాళీ అయిన నాటుసారా సీసా. ఒకటే కప్పు. నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. నీళ్ల బకెట్టు బోర్లించి ఉంది. కట్టెల పెట్టె నిండుగా ఉంది. ఇనప పొయ్యిలో బిర్చ్ చెట్టు బెరడు, దాని మీద పేళ్లు గుత్తులుగా చెక్కిన సన్నపు పుల్లలు, వాటి మీద మూడు చీల్చిన కట్టెలు. పొయ్యి మీద అగ్గిపెట్టె.

బయట అడుగుజాడలు లేవు. సోమవారం మధ్యాహ్నం నాలుగు నుంచి రాత్రి ఏడు దాకా మంచు కురిసింది. ఏ జాడ ఉన్నా పూడిపోయి ఉంటుంది.

"పాపం, అగ్గిపుల్ల గీసే ఓపిక కూడా లేకపోయింది," అన్నాడు డాక్టర్. ఆయన వేళ్లు కొంకర్లు పోయి పెన్ను పట్టుకోవడం లేదు.

గున్లైక్ వంగి అగ్గిపుల్ల గీశాడు. పొయ్యి ఒక్క పుల్లకే భగ్గున అంటుకుంది. డాక్టర్ చేతులు కాచుకుని కాగితం రాశాడు. చలికి మరణం, ప్రమాదం. లెన్స్‌మన్ సంతకం పెడితే శుక్రవారం పూడ్చిపెట్టేయొచ్చు.

1.30కి శవాన్ని స్లెడ్జి మీదికి ఎక్కించారు. బయల్దేరేముందు గున్లైక్ బూడిద బయట పోశాడు. షెడ్డులోంచి కట్టెలు తెచ్చాడు. పొయ్యి మళ్లీ పేర్చి, అగ్గిపెట్టె పైన పెట్టాడు. ఆ కొండల్లో చెక్క ఇంట్లోంచి బయటికొచ్చే ఎవడైనా చేసే పనే అది. తర్వాత వచ్చేవాడి చేతులు గడ్డకట్టి ఉంటాయి, ఒక్క పుల్లతో మంట లేవాలి. అక్కడి పిల్లలకు ప్రార్థన కన్నా ముందు అది నేర్పుతారు.

ముప్పై ఏళ్ల సర్వీసులో గున్లైక్ అంత పెద్ద తప్పు ఎప్పుడూ చేయలేదు.

*

అస్లాక్ మామూలు మనిషి కాదు. ఆ నెల లోయలో సినిమా తీస్తున్నారు. యుద్ధంలో జర్మన్ల చేతిలో ఉన్న పవర్ స్టేషన్ పైపుల్ని పేల్చిన నలుగురి కథ. నటులు అక్కర్లేదనుకున్నాడు డైరెక్టర్ వెస్సెల్. పేల్చినవాళ్లే తమ వేషాలు తామే వేస్తున్నారు. నాయకుడు సిగ్‌వాల్ రూడ్, అస్లాక్, తోర్‌గ్రిమ్ లీ.

నాలుగోవాడు బతికి లేడు. అతని పేరు ఐవిన్ మూయెన్. గున్లైక్ ఒక్కగానొక్క కొడుకు.

పేలుడు 1944 ఫిబ్రవరి 23న. తప్పించుకునేటప్పుడు ఐవిన్ మడమ విరిగింది. మిగతావాళ్లు అతన్ని ఆ చెక్క ఇంట్లోనే దాచి, పగలు పొయ్యి వెలిగించొద్దని చెప్పి విడిపోయారు. మర్నాడు పొద్దున పొగ లేచింది. గంటలో జర్మన్లు వచ్చారు. ఐవిన్‌ను పట్టుకుపోయి తొమ్మిదో రోజు కాల్చేశారు. దాంతో పోలేదు. పేలుడుకు ముందు ఆ ఇంట్లో నలుగురికీ తిండి మోసిన ముగ్గురు రైతుల్నీ కాల్చారు. పొగ లేవడం దూరంగా శిఖరం మీంచి తన కళ్లతో చూశానని సిగ్‌వాల్ చెప్పాడు. చలికి ఆగలేక కుర్రాడు ఆర్డర్ తప్పాడని, పైగా దెబ్బలకు తాళలేక పేర్లు కక్కేశాడని లోయంతా నమ్మింది.

ఆ తర్వాత సహకార దుకాణం క్యూలో ఐవిన్ తల్లి పక్కన ఎవరూ నిలబడలేదు. రెండో చలికాలం ఆమె పోయింది. శవపేటిక మోయడానికి గున్లైక్‌కు ఆరుగురు దొరకలేదు, నలుగురే మోశారు.

ఇప్పుడు అదంతా సినిమాలోకి ఎక్కుతోంది. దేశం మొత్తం చూస్తుంది. గున్లైక్ ఆ సీన్ గురించి విన్నాడు. కాదనడానికి ఆయన దగ్గర ఏముంది?

*

మంగళవారం సాయంత్రం 4.15. గెస్ట్‌హౌస్.

"ఆదివారం ఆ ఇంట్లో షూటింగ్ చేశారా?"

"పొద్దుట్నుంచీ," అన్నాడు వెస్సెల్. ఓస్లో మనిషి. సిగరెట్టు మీద సిగరెట్టు కాలుస్తున్నాడు. "అయిదింటికి దిగిపోయాం. సోమవారం వాతావరణం బాగోలేదని సెలవిచ్చాను."

"సోమవారం మీరెక్కడ?"

"ఇక్కడే. రెండు నుంచి అయిదు దాకా ఓస్లోకి ఫోన్లో తిట్లు తింటున్నాను. ఎక్స్‌చేంజ్ అమ్మాయిని అడగండి, అన్నీ వినే ఉంటుంది."

"అస్లాక్ గొడవ పడ్డాడట?"

"పడ్డాడు. సిగ్‌వాల్ గారితో. మీ అబ్బాయి సీన్ సినిమాలో ఉంచొద్దని." వెస్సెల్ చూపు తిప్పుకున్నాడు. "ఆ సీన్ షూటింగ్ శనివారమే అయిపోయింది లెండి. ఓస్లో నుంచి ఒక స్టూడెంట్ వచ్చి వేశాడు."

5.00. సిగ్‌వాల్ రూడ్ సా మిల్లు.

సిగ్‌వాల్‌కు నలభై ఒకటి. మెడల్ ఉంది, మిల్లు ఉంది, వచ్చే ఎన్నికల్లో పార్లమెంటుకు నిలబడతాడని వినికిడి ఉంది. గున్లైక్‌కు కుర్చీ తనే తుడిచి వేశాడు.

"నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నారు?"

"ఇక్కడే. రంపాలకు పదును పెట్టుకుంటూ."

"తోడెవరు?"

"రంపాలే. మంచు పడేలా ఉందని పనివాళ్లను పంపించేశాను. ఏడున్నరకు ఇంటికెళ్లాను."

"అస్లాక్‌తో ఆదివారం ఏమిటి గొడవ?"

"మీ మీద జాలి, గున్లైక్ గారూ. కుర్రాడి సీన్ తీసేయమంటాడు. చచ్చినవాణ్ణి మళ్లీ తవ్వడం దేనికి అంటాడు." సిగ్‌వాల్ చేతిలోని ఆకురాయిని గుడ్డతో తుడిచాడు. "నాకు మాత్రం సరదానా? జరిగింది జరిగినట్టు తీయాలి కదా. ముగ్గురు రైతుల పెళ్లాలు ఇంకా బతికే ఉన్నారు. వాళ్లకేం చెప్పుకోను?"

గున్లైక్ నోట్‌బుక్ మూసి లేచాడు. తలుపు దాకా వచ్చి సాగనంపాడు సిగ్‌వాల్.

*

బుధవారం ఉదయం 9.00. సహకార దుకాణం.

తోర్‌గ్రిమ్ లీ సోమవారం ఒంటిగంట నుంచి ఎనిమిది దాకా అక్కడే పేకాటలో ఉన్నాడు. ఏడుగురు సాక్షులు. ఏడుగురి దగ్గరా ఓడిపోయాడు కాబట్టి అందరికీ బాగా గుర్తుంది.

"నన్ను అనుమానించకండి లెన్స్‌మన్ గారూ," అన్నాడు ఉప్పు చేప నములుతూ. "ఒకణ్ణి చంపాలంటే కొండెక్కాలా? నాకంత ఓపిక ఉంటే పెళ్లే చేసుకునేవాణ్ణి."

"అస్లాక్ నీతో చివరిసారి ఏం మాట్లాడాడు?"

తోర్‌గ్రిమ్ నమలడం ఆపాడు.

"ఆదివారం సాయంత్రం కొండ దిగుతూ ఒక పిచ్చి ప్రశ్న వేశాడండీ. 'ఆ రోజు మనిద్దరం ఆ ఇంటికి తిరిగి వచ్చినప్పుడు పొయ్యి ఎలా ఉందిరా?' అని."

"ఏ రోజు?"

"నలభై నాలుగులో. జర్మన్లు మీ వాణ్ణి పట్టుకుపోయిన మర్నాడు చీకటి పడ్డాక వెళ్లాం. తలుపు ఊడి వేలాడుతోంది. రక్తం ఉంది. పొయ్యి ఎప్పట్లాగే పేర్చి ఉంది. వెలిగించుకుని చలి కాచుకున్నాం. అదే చెప్పాను. 'ఎవడు పేర్చాడురా?' అన్నాడు వీడు. 'దయ్యాలు పేర్చాయి' అన్నాను నేను. వీడు నవ్వలేదు."

గున్లైక్ ఆ మాట రాసుకున్నాడు. అందులో ఏముందో అప్పటికి తెలియలేదు.

10.10కి రాగ్న్‌హిల్డ్ అవ్వ స్టేట్‌మెంట్ ఇవ్వడానికి ఆఫీసుకు వచ్చింది.

"నువ్వు పైకెందుకెళ్లావు అవ్వా?"

"ఎందుకేంటి? ఊడవడానికి. ఆదివారం సాయంత్రం ఆ సినిమా పందులు దిగిపోయాక చూశా. నేలంతా సిగరెట్టు పీకలు. ఒక్క కట్టె మిగల్చలేదు. బూడిద పొయ్యిలోంచి కిందికి కారుతోంది. మంగళవారం చీపురు పట్టుకుని వెళితే, అన్నీ ఎవరో సర్దేశారు. చచ్చినోడికి మర్యాద తెలుసు బాబూ. పోయేముందు ఇల్లు ఊడ్చి, పొయ్యి పేర్చి మరీ పోయాడు."

గున్లైక్ రాస్తున్నాడు. పెన్ను ఆగింది.

"మళ్లీ చెప్పు."

"ఏం చెప్పను?"

"పొయ్యి పేర్చి, ఆ తర్వాత కూర్చుని, చలికి చచ్చిపోయాడా?"

 

గున్లైక్ లేచి కోటు వేసుకున్నాడు. 10.40కి గెస్ట్‌హౌస్‌లో వెస్సెల్ గది తలుపు తట్టాడు. సినిమావాళ్లు ఆదివారం ఆ ఇంట్లో తీసిన ఫొటోలన్నీ కావాలన్నాడు. ఏ వస్తువు ఎక్కడుందో మర్నాటి షూటింగుకు సరిపోవాలని వెస్సెల్ ప్రతి షాట్ తర్వాత ఫొటో తీసుకుంటాడు. వాటిని గెస్ట్‌హౌస్ సెల్లార్లో తనే కడుగుతాడు.

మొత్తం అరవై మూడు. గున్లైక్ మూడు ఏరుకున్నాడు.

ఆ తర్వాత పోలీసు హెడ్‌క్వార్టర్స్‌కు ఫోన్ చేశాడు. ఈ కేసులో తన కొడుకు ప్రస్తావన ఉందనీ, వేరే ఆఫీసర్‌ను పంపమనీ అడిగాడు. రోడ్డు మంచుతో మూసుకుపోయింది, శుక్రవారం దాకా ఎవరూ రాలేరన్నారు.

*

బుధవారం మధ్యాహ్నం 2.00. బడి గది.

పిల్లల బెంచీల మీద మోకాళ్లు పట్టక అందరూ పక్కకు తిరిగి కూర్చున్నారు. వెస్సెల్, తోర్‌గ్రిమ్, రాగ్న్‌హిల్డ్ అవ్వ, డాక్టర్ ఫిన్నె. కిటికీ పక్కన సిగ్‌వాల్.

"అస్లాక్‌ది ప్రమాదం కాదు," అన్నాడు గున్లైక్. "హత్య."

గున్లైక్ అవ్వ వైపు తిరిగాడు.

"చలిలోంచి లోపలికి వచ్చేవాడు ఏం చేస్తాడు? పొయ్యి వెలిగిస్తాడు. బయటికి వెళ్లేవాడు ఏం చేస్తాడు? పొయ్యి పేరుస్తాడు. పేర్చి కూర్చునేవాడు ఉంటాడా, అవ్వా?"

"పిచ్చోడు కూడా కూర్చోడు."

"ఆదివారం సాయంత్రం పొయ్యిలో బూడిద తప్ప ఏమీ లేదు. మంగళవారం పొద్దున పేర్చి ఉంది. అంటే సోమవారం ఒకడు పేర్చి, తలుపు వేసుకుని, బతికి కొండ దిగాడు. వాడు దిగేటప్పటికి అస్లాక్ బల్ల మీద నిద్రలో ఉన్నాడు. మంట ఆర్పేసి, రెండో కప్పు కడిగేసి, నిద్రపోతున్న మనిషిని చలికి వదిలేశాడు."

"మరి పొయ్యెందుకు పేర్చాడండీ?" అన్నాడు వెస్సెల్. "చంపినవాడికి ఆ పని దేనికి?"

"మీరు ఓస్లో మనిషి, అందుకే అడిగారు. మేమెవరం అడగలేదు. నేను శవం ముందు నిలబడి చూశాను, నాకూ తట్టలేదు. అది ఆలోచించి చేసే పని కాదు. అయిదేళ్ల వయసు నుంచి చేతులకు పట్టిన అలవాటు. రెండో కప్పు దాచాలని వాడి బుర్రకు గుర్తుంది. పొయ్యి పేర్చకూడదని చేతులకు తెలియలేదు."

గున్లైక్ మూడు ఫొటోలు బల్ల మీద పరిచాడు.

"వెస్సెల్ గారూ, ఆదివారం మీరు ఆ ముగ్గురి చేతా విడివిడిగా పొయ్యి పేర్పించారు. తెర మీద ఎవరిది బాగుంటుందో చూడాలని. ఇది తోర్‌గ్రిమ్‌ది."

"కోళ్లగూడులా ఉంది," అంది అవ్వ.

"వెలుగుతుందిగా," అన్నాడు తోర్‌గ్రిమ్.

"ఇది అస్లాక్‌ది. బెరడు, చితుకులు, కట్టెలు. ఇది మూడోది. చూడండి. పుల్ల చుట్టూ చాకుతో సన్నగా చెక్కి, ఆ పేళ్లు ఊడిపోకుండా పుల్లకే గుత్తులుగా ఉంచాడు. లోయలో ఇలా చెక్కేది ఒక్క ఇంటివాళ్లే. రూడ్ వాళ్లు. మంగళవారం ఆ పొయ్యిలో నేను చూసినవి ఇవే గుత్తులు."

అందరూ కిటికీ వైపు తిరిగారు. సిగ్‌వాల్ కదల్లేదు.

"ఇంకొకటుంది," అన్నాడు గున్లైక్.   "నలభై నాలుగులో తోర్‌గ్రిమ్, అస్లాక్ వెళ్లేసరికి కూడా పొయ్యి పేర్చే ఉంది. మా వాడు మంట వేసి ఉంటే, జర్మన్లు ఈడ్చుకుపోయే లోపల అది ఆర్పి, బూడిద పారబోసి, మళ్లీ పేర్చాడా? జర్మన్లు పేర్చారా? తోర్‌గ్రిమ్, ఆ రోజు అందులో పుల్లలు ఎలా ఉన్నాయి?"

తోర్‌గ్రిమ్ ఫొటో దగ్గరకు లాక్కుని చూశాడు. 

"గుత్తులే," అన్నాడు మెల్లగా. "నేనే అగ్గిపుల్ల గీశాను. గుత్తులే."

"ఆ పొద్దున శిఖరం మీద లేడు మన నాయకుడు. చలికి తట్టుకోలేక ఆ ఇంటికొచ్చాడు. మంట వేసుకున్నాడు. కాళ్లు వెచ్చబడ్డాక, పొయ్యి పేర్చి పెట్టి వెళ్లిపోయాడు. పొగ మాత్రం లేచింది. నడవలేని మా వాడు దొరికాడు. మూడేళ్ల తర్వాత ఆదివారం నాడు, కెమెరా ముందు ఆ గుత్తులు చూసి అస్లాక్‌కు వెలిగింది. సోమవారం ఆ ఇంటికి పిలిచి నిలదీశాడు. అదీ జరిగింది."

సిగ్‌వాల్ లేచాడు. ముఖంలో కోపం లేదు.

"బాగా చెప్పారు. ఆ పుల్లలు ఏవీ? చూపించండి."

గున్లైక్ ఫొటోలు దగ్గరకు పోగు చేశాడు.

"కాల్చేశారుగా. డాక్టర్ గారి చేతులు వెచ్చచేయడానికి. తోర్‌గ్రిమ్ కూడా కాల్చేశాడు." సిగ్‌వాల్ మిగతావాళ్ల వైపు తిరిగాడు. "అయిదు నిమిషాలు బయట ఉంటారా? లెన్స్‌మన్ గారితో మాట్లాడాలి."

గున్లైక్ తలాడించాడు. తలుపు మూసుకుంది. మూసుకోగానే సిగ్‌వాల్ మర్యాదను కూడా పక్కన పెట్టాడు.

"విను గున్లైక్. డాక్టర్ కాగితం నీ జేబులో ఉంది. దాని మీద సంతకం పెట్టు. శుక్రవారం వాణ్ణి పూడ్చేస్తారు. ఆ సాయంత్రమే నేను వెస్సెల్‌కు చెబుతాను, పొగ సంగతి నేను పొరబడ్డానని. కుర్రాడు ఆర్డర్ తప్పలేదని, జర్మన్ల గస్తీకి దొరికిపోయాడని. నా మాట మీద రాసిన సీనే అది. నా మాట మీద మారుతుంది. దేశమంతా నీ కొడుకును వీరుడిగా చూస్తుంది. రైతుల పెళ్లాలు నీ గుమ్మంలోకి వచ్చి క్షమాపణ అడుగుతారు."

"లేకపోతే?"

"లేకపోతే నేను నోరు విప్పను. ఉరి తీసినా విప్పను. వాడు ద్రోహిగానే ఉంటాడు. నువ్వు తండ్రివి, నీ మాట కోర్టులో ఎవడు వింటాడు? అస్లాక్ ఎలాగూ పోయాడు. తాగుబోతు. పెళ్లాం లేదు, పిల్లల్లేరు. ఎవడి కోసం నీ కొడుకును రెండోసారి చంపుకుంటావు?"

గున్లైక్ కాగితం తీశాడు. బల్ల మీద పెట్టి పెన్ను మూత విప్పాడు.  సిగ్‌వాల్ అది చూసి, ఓపిగ్గా నిలబడ్డాడు.

"ఎంత సేపు కాచుకున్నావు?" అని అడిగాడు గున్లైక్.

"ఏంటి?"

"ఆ రోజు. మంట."

సిగ్‌వాల్ కొంచెం ఆలోచించాడు. "అరగంట. కుర్రాడు వద్దన్నాడు. కాళ్లు పట్టుకున్నాడు కూడా."

గున్లైక్ ప్రమాదం అనే మాట కొట్టేశాడు. కింద హత్య అని రాసి సంతకం పెట్టాడు. తలుపు తీసి డాక్టర్‌ను పిలిచాడు.

"రోడ్డు తెరవగానే శవాన్ని టౌన్‌కు పంపండి. పోస్ట్‌మార్టం కావాలి. కడుపులో నిద్రమాత్రలు ఉన్నాయేమో చూడమనండి. లోయలో ఎవరికి రాసిచ్చారో మీ రిజిస్టర్ తేండి."

డాక్టర్ రిజిస్టర్ తేవాల్సిన పని లేకపోయింది. యుద్ధం అయినప్పటి నుంచీ నిద్ర పట్టక మాత్రలు తీసుకునేది ఒక్కడే. ఆయన సిగ్‌వాల్ వైపు చూసి, తల దించుకున్నాడు.

*

మాత్రలు దొరికాయి. కోర్టులో సిగ్‌వాల్ తాగిన మైకంలో గొడవ అన్నాడు. పన్నెండేళ్లు పడింది. నలభై నాలుగు గురించి నోరు విప్పలేదు. తోర్‌గ్రిమ్ చెప్పాడు, గున్లైక్ చెప్పాడు. స్నేహితుడి మాట, తండ్రి మాట అని జడ్జి పక్కన పెట్టాడు.

వెస్సెల్ నాయకుడి వేషానికి ఓస్లో నుంచి నటుణ్ణి తెచ్చుకున్నాడు. కుర్రాడి సీన్ ఉంచాడు. "నా దగ్గరున్న స్టేట్‌మెంట్ రూడ్ గారిది ఒక్కటేనండీ," అన్నాడు. "దాన్ని కాదనాల్సింది ఆయనే."

నిజం చెప్పమని అడగడానికి గున్లైక్ ఒకసారి జైలుకు కూడా వెళ్లాడు. సిగ్‌వాల్ ఊచల వెనక నుంచి నవ్వాడు.

"ఇస్తానన్నప్పుడు తీసుకోలేదుగా."

మరుసటి ఫిబ్రవరిలో సినిమా టౌన్‌కు వచ్చింది. ఆదివారం మ్యాట్నీకి గున్లైక్ టికెట్ కొనుక్కుని వెళ్లాడు. తోర్‌గ్రిమ్ పక్కన కూర్చున్నాడు. తెర మీద ఓస్లో కుర్రాడు చలికి ఏడుస్తూ పొయ్యి ముందు కూలబడ్డాడు. అగ్గిపుల్ల గీశాడు, ఆరిపోయింది. ఇంకోటి గీశాడు. నాలుగో పుల్లకు గానీ అంటుకోలేదు. హాల్లో ఎవరో ఛీ అన్నారు.

తోర్‌గ్రిమ్ లేవబోయాడు. గున్లైక్ అతని చొక్కా చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

"వీడికి వెలిగించడమే రాదు," అన్నాడు మెల్లగా. "మావాడైతే ఒక్క పుల్లకు వెలిగించేవాడు."

పక్క సీట్లోని ఆవిడ తిరిగి చూసింది. వేరే లోయ మనిషి, ఒళ్లో పిల్ల ఉంది.

"ఆ కుర్రాడు మీవాడా?"

"అవునమ్మా," అన్నాడు గున్లైక్. "మావాడే."

ఆవిడ పిల్లను ఎత్తుకుని, కోటు తీసుకుని, మూడు వరసల ముందుకు వెళ్లి కూర్చుంది.